తోక ఊపిన పాపానికి

ఆ రోజుల్లో కృష్ణానగర్‌లో కిరాయికి గది దొరకడం కష్టంగానీ, యూట్యూబ్ చానల్‌లో ఉద్యోగం దొరకడం మహా తేలిక. ఫోను వణక్కుండా పట్టుకోగలిగితే చాలు, కెమెరామన్ అయిపోవచ్చు. చదువు సంగతి ఎవరూ అడగరు. (అడిగినా, తొమ్మిదో తరగతిని నేను వదిలేశానా, అదే నన్ను వదిలేసిందా అన్నది మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ తేలలేదు.) "మావోడు మీడియాల జేస్తుండు" అని ఊరంతా చెప్పుకుని మా మేనమామ తన కూతుర్ని నాకిస్తానన్నాడు. చిన్నప్పట్నుంచీ నేను కలలుగన్న పిల్ల. ఆ మీడియా ఏమిటంటే, జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్ద హీరోయిన్ గారి గేటు ముందు నిలబడటం. ఆవిడకు పెళ్లి కుదిరిందని పుకారు. ఆవిడ ముఖం, వీలైతే మేకప్ లేని ముఖం పట్టుకురమ్మని మా బాసు కోరిక. "ఇల్లు ఆవిడదేనయ్యా, రోడ్డు మనందరిదీ" అనేవాడు. ఆ న్యాయం నాకు బాగానే కనిపించేది.

చలికాలం. పొద్దున్నే ఆ వీధి ఎవరో సగం కని వదిలేసిన కలలా ఉండేది. బండరాళ్ల మీద పొగమంచు, గోడల మీంచి ఒరిగిన కాగితం పూలు, ఎక్కడో డ్రైవర్లు కార్లు కడుగుతున్న నీళ్ల చప్పుడు. నేనొచ్చిన పని మరిచిపోయి చాయ్ తాగుతూ నిలబడిపోయేవాణ్ని. గేటు సందులోంచి మూతి బయటపెట్టే ఆవిడ కుక్క లడ్డూకి నా ఉస్మానియా బిస్కెట్‌లో సగం పెట్టేవాణ్ని. ఆ కుక్క హీరోలొచ్చినా మొరిగేది, నిర్మాతలొచ్చినా మొరిగేది. నన్ను చూస్తే మాత్రం తోక ఊపేది. ఆ వీధి మొత్తమ్మీద నాకున్న పలుకుబడి అదొక్కటే.

ఒకరోజు గేటు తెరిచిన సందున లడ్డూ గొలుసుతో సహా నా కాళ్ల దగ్గరికి దూకింది. ఏ వార్తా లేనప్పుడు కుక్కయినా వార్తే కదా అని, ఒక చేత్తో గొలుసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని తీస్తున్నాను. ఇంతలో తలకు దిట్టంగా నూనె పట్టించి, వెలిసిన నైటీ మీద చున్నీ కప్పుకున్న ఒకామె పరుగున వచ్చి గొలుసు కోసం చెయ్యి చాపింది. పనిమనిషి అనుకున్నాను.

"జర పక్కకు జరుగక్కా, ఫ్రేములకొస్తున్నవ్" అన్నాను. బుద్ధిగా జరిగింది. "మేడం లేచిందా?"

ఆమె నన్నూ నా ఫోన్నూ మార్చిమార్చి చూసింది. "ఇంకా లేవలేదండీ. మీరు రోజూ ఇక్కడే ఉంటారు, చలి వెయ్యదా?"

"ఏం జేస్తమక్కా! మీ మేడం ఒక్కపారి మొఖం సూపెడితే ఇంటికి పోయి పండుకుంట."

"ఆవిడకీ ప్రశాంతంగా పడుకోవాలనే ఉంటుందేమోలెండి" అని నవ్వి, లడ్డూని తీసుకుని మంచులోకి వెళ్లిపోయింది.

ఆవిడెవరో ఆ సాయంత్రం టిఫిన్ సెంటర్‌లో, పక్కవాడి ఫోన్‌లో తెలిసింది. పోటీ చానల్ వాడు ఎదుటి చెట్టు చాటునుంచి అంతా తీశాడు. ఒకవైపు నూనె తల, ఇంకోవైపు అదే ముఖం సినిమా పోస్టర్‌లో, నడుమ ఎర్రటి గుండ్రం, గుండ్రంలో నేను. పైన పెద్ద అక్షరాలు: "హీరోలను చూసి మొరిగే కుక్క ఇతన్ని చూసి తోక ఊపిందెందుకు? ఎవరీ రహస్య ప్రియుడు?" దోసె సగంలోనే వదిలేసి లేచాను. అది అబద్ధమని మన చానల్‌లో చెప్పించమని బాసుకు ఫోన్ చేశాను. "భలేవాడివే, తప్పకుండా! 'ఎట్టకేలకు నోరు విప్పిన ప్రియుడు' అని పెడదాం. చొక్కా ఇస్త్రీ చేయించుకుని రా" అన్నాడు.

తెల్లారేసరికి మామ నా గది ముందున్నాడు.

"ఏందిరా అల్లుడా, గా కుక్క నిన్ను జూసి తోక ఊపుతదంట?"

"బిస్కెట్ పెడత మామా, గంతే!"

"గవన్నీ జెప్పకు. మనిషి అబద్ధమాడ్తడు గని కుక్క ఆడదు. పా, నా ముంగట నిలవడు. అది తోక ఊపిందో, లగ్నం కాన్సల్!"

దారి పొడుగునా దేవుళ్లందరికీ మొక్కాను, ఈ ఒక్కసారి మొరిగించండి స్వామీ అని. లడ్డూ నన్ను అల్లంత దూరంలో చూసి, తోకేమిటి, నడుముదాకా ఊపేసింది. మామ ముఖం నల్లబడింది. నేను గబగబా బిస్కెట్ తీసి ఆయన చేతిలో పెట్టాను. "నువ్వు పెట్టి సూడు మామా." పెట్టాడు. లడ్డూ మామకు కూడా నడుముదాకా ఊపింది. "గిదా సంగతి!" అని మామ పకపకా నవ్వి, గేటు సందులోంచి దాని తల నిమిరాడు. ఎదుటి చెట్టు మా ఇద్దరికీ గుర్తులేదు.

సాయంత్రం వీడియోలో ఎర్ర గుండ్రం మామ తలచుట్టూ ఉంది. "ప్రియుడి తరఫున పెద్దలొచ్చారు! హీరోయిన్ ఇంటి ముందు పెళ్లి మాటలు!" ఊళ్లో మా అత్త చూసింది. ఆ వెంటనే మామ ఫోన్, వెనకనుంచి అత్త గొంతు: "కన్నబిడ్డను ఇంట్ల వెట్టుకొని అల్లునికి సినిమా పిల్లను మాట్లాడనీకి పోయినవా!"

"అల్లుడా, నువ్వన్న జెర జెప్పురా మీ అత్తకు, నాకేం దెల్వదని!"

"నేనేం జెప్పాలె మామా? కుక్క అబద్ధమాడదు గద" అన్నాను. (ఆ మాట అన్నందుకు ఇప్పటికీ పండగలకు నాకు తలకూర వడ్డించడు.) మామ మళ్లీ ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని అత్త లగ్నాన్ని నెల ముందుకు జరిపించింది. నేనా ఉద్యోగం మానేసి పెళ్లిపీటలెక్కాను.

ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో మాదొక చిన్న చాయ్ కొట్టు. అప్పుడప్పుడు టోపీ కనుబొమ్మలదాకా లాక్కుని, మాస్కు పెట్టుకుని ఎవరో వస్తారు. నేను తలెత్తను, చాయ్ పోస్తాను. రెండు రోజులు ఆ గుండ్రంలో ఉంటేనే నాకు కంటిమీద కునుకు రాలేదు, పాపం వాళ్లు రోజూ అందులోనే లేచి, అందులోనే పడుకోవాలి.

వాన పడి గిరాకీ లేని మధ్యాహ్నాల్లో మా ఆవిడ అడుగుతుంది, "నిజం జెప్పు, దగ్గరికెల్లి సూస్తే గంత సక్కగుంటదా?" నా పాత ఫోను తీసి, బాసుకు ఇవ్వకుండా దాచుకున్న ఆ వీడియో చూపిస్తాను. పొగమంచు, గేటు, కాగితం పూలు, తోక ఊపుతున్న లడ్డూ, అంచులోంచి పక్కకు తప్పుకుంటున్న ఒక చున్నీ కొస.

"ఏది మరి, ఆమె?"

"ఏడుంటది? నేనే జరగమంటి గద!"