తడిపిన నేల మీద పరీక్ష

విద్యుత్ పంపిణీ సంస్థలో ఆయన పని, తీగ తెగిపడితే పసిగట్టి సరఫరాను ఆపే యంత్రాల పెట్టెలను పరీక్షించడం. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు రాలడం అరుదు. అందుకే ఆయన ‘బాగుంది’ అన్న పెట్టెను ఇంకెవరూ మూత తీసి చూసేవారు కాదు. లైన్‌మన్‌గా పనిచేసే సొంత తమ్ముడు కూడా.

ఒక మండువేసవిలో తారురోడ్డు మీద తీగ తెగిపడింది. పెట్టె ఉంది కదా, కరెంటు ఆగే ఉంటుందనుకుని, బడిపిల్లలు వచ్చేలోగా దారి చేద్దామని తమ్ముడు దాన్ని పక్కకు లాగబోయాడు. మళ్ళీ లేవలేదు.

విచారణలో అన్న నిటారుగా నిలబడ్డాడు. “యంత్రంలో లోపం లేదు. తీగ పడగానే సరఫరా ఆపే ఉంటుంది. మావాడే తొందరపడి మళ్ళీ కరెంటు ఇప్పించుకుని ఉంటాడు.”

తప్పు తమ్ముడిదేనని తేల్చారు. ఆనాటి నుంచి, ఒకే ఇంట్లో ఉంటూ కూడా మరదలు ఆయనతో మాట్లాడలేదు.

పరీక్షాస్థలంలో తీగను నేల మీదికి వదిలే ముందు, రవ్వలు స్పష్టంగా కనబడాలని నీళ్ళు చల్లడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. “గురువుగారూ, తీగ వదలమంటారా, నారు పోయమంటారా?” అని హెల్పర్లు వేళాకోళమాడేవారు. పాతబడిన పద్ధతి ప్రశ్నకు అందనంత ఎత్తున కూర్చుంటుంది. కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు నీళ్ళ ట్యాంకరు రాలేదు. ఎండిన తారు మీదే తీగను వదిలారు. రవ్వ లేదు, చప్పుడు లేదు. మీటరు తీగలో పూర్తి ఓల్టేజీ ఉందంటోంది. పెట్టె మాత్రం ఉలకలేదు, పలకలేదు.

“వదిలేయండి, రేపు తడిపి చేద్దాం,” అన్నాడు కుర్ర ఇంజనీరు.

“మా తమ్ముడి కేసు మళ్ళీ తెరిపించాలండీ.”

“మీ మాట మీదే కదండీ మూసేశారు! ఇప్పుడు మీమీద మీరే సాక్ష్యమా?”

సాయంత్రం మరదలు కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

“అమ్మా, పొడినేల మీద పెట్టె పనిచేయదు. ఇవాళ నా కళ్ళతో చూశాను. వాడి తప్పేమీ లేదు.”

మిషన్ ఆగింది. ఇన్నేళ్ళకు ఆమె నోరు విప్పింది.

“లేకేం బావగారూ, ఉంది. ‘మా అన్నయ్య చూసిన పెట్టె’ అని ఆయన ఊరంతా చెప్పుకుని మురిసిపోయేవారు.”

ఆమె మళ్ళీ చక్రం మీద చెయ్యి వేసింది.

“వెలుతురుకు అడ్డంగా నిలబడ్డారు. కాస్త తప్పుకోండి, సూది కనబడటం లేదు.”