మట్టిలేని వాగులో చేపలు

ఆయన పోయాడన్న కబురు నాకు మొదట చేరవేసింది ఆయన కూతురే. పోయిన ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి ఎసరు పెడుతుంటే ఫోను మోగింది. "అత్తమ్మా, బాపు పోయిండు. నీకు జెర చెప్పుమన్నడు" అంది. ఆ పిల్ల గొంతు నేనంతకు ముందెన్నడూ వినలేదు. ఆయన నన్ను చెల్లె అని పిలిచేవాడు గనుక నేను తనకు మేనత్తనైపోయాను. ఎక్కడి ఆయన జగిత్యాల, ఎక్కడి మా రాజోలు! మాకు చుట్టరికం కలిపింది దుబాయ్ అవతల ఫుజైరా కొండల్లో ఒక రాళ్లవాగు.

నేను దుబాయ్ వెళ్లిన మూడో ఏడు, అంటే రెండువేల నాలుగు ప్రాంతం. యజమాని తల్లిగారిని చూసుకోవడం నా పని. ఆ ఇంట్లో పెద్దావిడను మామా అని పిలవాలి. మా వైపు మామంటే మీసాలుంటాయి గదా, మొదటి నెలంతా ఆ పిలుపు నోట వచ్చినప్పుడల్లా నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. మంచి మనిషి. ఆవిడ దగ్గర పని దొరికినందుకు ఈ రోజుకీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను. చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా ఆవిడ మకాం కొండల్లోని ఖర్జూరపు తోటలో. ఆ తోట కాపరి ఆయన. పక్కనే వాగు, వాళ్ల భాషలో వాది. పారే నీరు తక్కువ, రాళ్ల మధ్య మడుగులు, మడుగుల్లో వేలెడేసి చేపలు. కాళ్లు పెడితే చాలు, చుట్టూ మూగి మడమల పగుళ్లు కొరికేవి. ఐదేళ్లుగా ఇంటి మొహం చూడని మనిషి, మాట్లాడే తోడు లేక పగలల్లా ఆ చేపలనే తిడుతుండేవాడు. "ఏందిరా, రేషన్ దుకాణం కాడ లెక్క నూకుకుంటరు? లైన్ల నిలవడుండ్రి!"

అప్పటికి కొన్నేళ్లుగా సరైన వానల్లేవు. చుట్టుపక్కల తోటల మోటార్లు భూమిలో నీటిని పీల్చేస్తుంటే వాగు కూడా కుంగిపోతూ వచ్చింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు మడుగులుండేవి. ఆ మూడో ఏడు ఒక్కటే మిగిలింది, అదీ మంచమంత. మధ్యాహ్నానికి నీళ్లు కాగిపోయేవి. చేపలన్నీ ఒక రాతి నీడకు చేరి, మూతులు పైకెత్తి నోళ్లు తెరిచేవి. చిన్నవి ముందు పోయాయి. ఒకరోజు ఆయన తలకు తువ్వాలు చుట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"చెల్లె, నీకు అరబ్బీ అస్తది గద, మామానడుగు. తోట తొట్టిల గిన్ని నీళ్లు ఇడిస్తే వీటిని బకెట్లల్ల తెచ్చి ఏస్త. ఇంకో వారమైతే ఖలాస్."

తొట్టి నీళ్లు చెట్లకు తప్ప దేనికీ వాడొద్దని యజమాని ఆజ్ఞ. అడగడానికి నాకు బెరుకు. ఆ బెరుకు మీద నా తెలివిని కప్పాను.

"అన్నా, వేసంగిలో మాకు కాలవలు కట్టేస్తారండి. బోదెల్లో, అదే పిల్లకాలవల్లో, మట్టగిడస చేపలు బురదలోకి దిగిపోయి పడుకుంటాయి. మళ్లీ కాలవ వదిలారంటే చాలు, లేచొచ్చేస్తాయి. ఇయ్యీ అంతే. ఊరికే పట్టి చంపకండి."

"అంతేనంటవా?"

"గోదారోళ్లం, చేపల సంగతి మాకు చెప్తారేంటండీ!"

నవ్వాడు. నమ్మాడు. నేను బడికి పోయినదాన్ని కాదు. అక్షరాలు మా అమ్మ పొయ్యి దగ్గర బూడిదలో దిద్దించింది. చేపల సంగతీ ఆవిడే చెప్పింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కానీ మా బోదెల్లో మోకాలిలోతు బురద. ఆ వాగులో ఉన్నవి ఇసుక, గులకరాళ్లు. రోజూ కళ్లెదుటే ఉన్న తేడా నాకెందుకు తట్టలేదో!

మామాకు ఆసుపత్రి పని ఉండి పది రోజులు దుబాయ్‌లో ఉండిపోయాం. తిరిగి వచ్చేసరికి మడుగు లేదు. రాతి మీద తెల్లటి గీత, దాని కింద ఎండి ముడుచుకున్న చేపలు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చేతులతో గులకరాళ్లు తోడుతున్నాడు. మోచేతిదాకా దిగింది గొయ్యి. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎంత లోతుల పండుకుంటయి చెల్లె, మీ దిక్కు?"

ఇంతలో మామా కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసి, నా వైపు తిరిగి అరబ్బీలో అంది. "నాకెందుకు చెప్పలేదు? నా కొడుకు కాదంటే నేనూ కాదంటానా, ఒక్క తొట్టెడు నీళ్లకు?"

"ఏమంటున్నది?" అన్నాడాయన.

"అయ్యో పాపం అంటోందండి" అన్నాను.

మరుసటి ఏడు వానలొచ్చాయి. వాగు పారింది. వారం వారం వెళ్లి చూశాం. అడుగున రాళ్లు లెక్కపెట్టగలిగేంత తేట నీళ్లు, వాటిలో ఏదీ కదలదు. ఆయన కాసేపు కాళ్లు పెట్టి కూర్చుని, తుడుచుకుని లేచిపోయేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

దేవుడు నాకు చేసిన మేళ్లకు అంతు లేదు. ఆ అన్నకు నిజం చెప్పుకోవడానికి కూడా ఇన్నేళ్లు ఇచ్చాడు. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అంటూ ఆ ఏళ్లన్నీ నేనే వాడేసుకున్నాను. ఇప్పుడు చెబుదామంటే వినేవాడు లేడు. ప్రార్థన చేసుకునేవాళ్లయినా, చేయనివాళ్లయినా, ఇది చదివితే నన్ను కాదు, ఒకరి మాట నమ్మి ఊరకున్న ఆ తోటకాపరిని ఒక్కసారి తలుచుకోండి.