ఇసుక లేని నెత్తళ్ళు

నా చిన్నప్పుడు సముద్రం శబరి ఏటి ఒడ్డునున్న మా కొంటాకు బస్సులో వచ్చేది. కాకినాడ వైపు నుంచి ఒకామె ఎండు నెత్తళ్ళ బుట్టతో దిగేది. వాసన మా వీధిలోకి ఆమెకన్నా కాస్త ముందు చేరేది. ఆమెను నేను చేపలత్త అనేదాన్ని. మాది ఉప్పూ పప్పూ దుకాణం. ఎర్రబోరు సంతకు ముందురోజు ఆమె మా వసారాలోనే దిగేది.

ఆ వేసవిలో వాళ్ళ పడవ పగిలి ఒడ్డున పడి ఉంది. ఇంట్లో ఐదుగురికి ఆ బుట్టే తిండి. ఈ సంగతి ఆమె మా నాయనమ్మతో, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా చెప్పింది. నాయనమ్మ జాలిపడింది. జాలిపడ్డాక, "అది సరేగానీ, నీ చేపల్ల ఈ ఇసుకేంది? మేం కూర తింటున్నమా, ఏరు తింటున్నమా?" అని కూడా అడిగింది.

బడిలో ఆ వారమే పరిశుభ్రత పాఠం అయింది. మర్నాడు అత్త టీ తాగడానికి వెళ్ళగానే బుట్టను బోరింగు దగ్గరికి ఈడ్చి, నెత్తళ్ళను మూడు నీళ్ళలో కడిగాను. బాగా శుభ్రపడ్డాయి. మెత్తబడ్డాయి కూడా.

అత్త వచ్చి ఒక చేపను వేళ్ళ మధ్య నొక్కి చూసి, బుట్ట పక్కనే చతికిలబడింది. ఉప్పు పోయిన తడి చేప సాయంత్రానికి కుళ్ళుతుందని పాఠంలో లేదు. ఆమె ముఖంలో ఉంది. నాయనమ్మ నా మీద చెయ్యెత్తింది.

"కొడితే ఎండుతాయా అమ్మగారూ? కాస్త ఉప్పిప్పించండి" అంది అత్త.

ఉప్పు పట్టించి, బుట్టకు కట్టుకొచ్చిన పాత వలను శబరి ఒడ్డున పరిచి, దాని మీద ఆరబోశాం. ఎర్రబోరు సంత మేము లేకుండానే జరిగిపోయింది.

"సముద్రంలో వేట మగాళ్ళది పిల్లా. ఒడ్డున కాకులు మా ఆడాళ్ళవి" అని అత్త నా చేతికి కర్ర ఇచ్చింది.

మూడు రోజులు కాకుల్ని, గద్దల్ని, పట్టుదల గల ఒక కుక్కను తోలాను. గడియకోసారి చేపల్ని తిరగేయాలి. మబ్బు పడితే ఎత్తాలి, పోతే మళ్ళీ పరచాలి. సముద్రమంటే ఇంతసేపు నడుము వంచే పని అని నేను అనుకోలేదు.

ముప్పాతిక బుట్ట దక్కింది. గొల్లపల్లి సంతలో దోర్ల గూడెం నుంచి వచ్చిన ఒక అవ్వ నెత్తళ్ళను అరచేతిలో రుద్ది, అనుమానంగా చూసింది.

"ఏందే, ఇసుక లేదు? ఇవి సముద్రానివేనా?"

అత్త నన్ను ముందుకు నెట్టింది. "ఈ పిల్ల మూడు రోజులు కాకుల్ని తోలి ఎండబెట్టింది అవ్వా. దాని మొహం చూడు, ఎలా మాడిపోయిందో!"

కడిగిన సంగతి చెప్పలేదు. అవ్వ నా మొహం చూసి, నవ్వి, నెత్తళ్ళకు మారుగా బియ్యమున్న తన బుట్ట చాపింది. పొద్దు వాలకముందే అత్త బియ్యం మూటతో బస్సెక్కింది.

సముద్రాన్ని నేను చాలా ఏళ్ళకు గాని చూడలేదు. మావాళ్ళంతా అలలు చూస్తుంటే, ఒడ్డున ఇసుకలో ఆరబోసిన నెత్తళ్ళ పక్కన కర్రలు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళను చూసి వచ్చాను. ఇప్పటికీ నెత్తళ్ళ కూరలో ఇసుక తగిలితే మా కోడలు నొచ్చుకుంటుంది. నేను మాత్రం నమిలేస్తాను. ఈ చేపలకు కాకుల్ని ఎవరు తోలారో అనుకుంటూ.