పెట్టె ఒరిగిన క్షణం

నందిగామలోని ఓ చెప్పుల షాపుకు ఏడాదిగా ఉత్తరాలు రాస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే మీ పత్రికలోని ఈ ఫిర్యాదుల పేజీకి రాస్తున్నాను.

అక్కడ ఖరీదైన బూట్లు కొన్న నెలలోపే, జగ్గయ్యపేటలో మా నాన్న చనిపోయారు. చర్చి నుంచి సమాధుల తోటకు శవపేటిక మోస్తుండగా నా కుడి బూటు అడుగు ఊడిపోయింది. తూలాను, పెట్టె ఒరిగింది. లోపల నాన్న తల చెక్కకు కొట్టుకున్న చప్పుడు నా చెవి పక్కనే వినిపించింది.

“మెల్లగా అబ్బాయ్! నాన్నకి దెబ్బ తగులుద్ది!” అని అమ్మ అరిచింది.

తర్వాత బూటు తీసుకెళ్తే షాపాయన తిప్పి చూసి, “మట్టిలో నడిచారుగా, గ్యారంటీ రాదండి” అన్నాడు.

“మా నాన్నని మట్టిలో పెట్టడానికే నడిచానండి” అన్నాను. ఆయన ఇంకో కస్టమర్ వైపు తిరిగాడు.

నాకు కొత్త జత వద్దు. కళ్ళు మూస్తే ఆ చప్పుడే వినిపిస్తోంది. ఆ తప్పు నాదా, ఆ షాపాయనదా? ఆయన ఇప్పటికైనా నా మొహం చూసి చెప్పాలి.