చివర చల్లదే పెట్టాలన్న మా ఉరుకుందన్న

నిన్న పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా ఆదోని నుంచి నాగమ్మ వదిన ఫోన్ చేసింది.

"మీయన్న లేడు నర్సప్పా. తెల్లారి లేపితే లేయలా."

ఫోన్ ఎప్పుడు పెట్టేశానో కూడా గుర్తులేదు.

మొన్న మధ్యాహ్నమే ఎమ్మిగనూరులో మా ఇంటి అరుగు మీద కూర్చుని పోయిన మనిషి.

డాక్టర్ వచ్చి చూసి గుండె ఆగిందన్నాడట.

రాత్రి ఆదోని నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి ఒక చోట కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, వాకిలి దాకా పోతాను, మళ్ళీ వస్తాను. మొన్న ఆయనకు కాపడం పెట్టిన ఉప్పు మూట పొయ్యి దగ్గర అట్లే ఉంది. తీయబుద్ధి కావడం లేదు.

ఈ వాట్సాప్ గ్రూపులో నేను గుడ్ మార్నింగ్ కూడా పెట్టినవాణ్ణి కాను. ఈ రోజు మాత్రం రాయాలి.

ఉరుకుందప్ప ఆదోని పత్తి యార్డులో మా హమాలీల ముఠాకు మేస్త్రీ. నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

యార్డులో నా మొదటి వారం. నడుము వంగదు, మెడ తిరగదు. ఎవరికీ చెప్పలేదు. గుడ్డల సంచి పట్టుకుని ఊరికి పోదామని గేటు దాకా వచ్చాను.

వెనక నుంచి ఉరుకుందన్న కేకేశాడు.

"ఏమప్పా, యాడికి పోతాండావు? పెళ్ళికొడుకు మాదిరి బిగుసుకోని నడుస్తాండావే?"

"ఏం లేదన్నా."

"ఏం లేకుంటే వంగి ఆ సంచి కింద పెట్టు, చూస్తా."

వంగలేకపోయాను. ముఠా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

షెడ్డులో బోర్లా పడుకోబెట్టాడు. పెనం మీద రాళ్ళుప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి నడుముకు పెట్టాడు. అది తీసి, కుండనీళ్ళలో ముంచిన గోనెగుడ్డ వేశాడు. ప్రాణం జల్లుమంది. మళ్ళీ వేడి, మళ్ళీ చల్లది.

గడియారం లేదు. బస్తాలు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టేవాడు. యార్డులో మేము ఒకటి అనం కదా, లాభం అంటాం. లాభం, రెండు, మూడు... వేడికి అరవై. చల్లదానికి ఇరవై. అట్లా మూడుసార్లు. చివర ఎప్పుడూ చల్లదే.

ఎందుకని అడిగితే ఒకటే మాట.

"వేడి పెట్టి రగతాన్ని పిలుస్తాండాం. పిలిచినోళ్ళను మళ్ళా సాగనంపల్ల గదా."

పోయేటప్పుడు ఇంకో మాట అన్నాడు.

"నొప్పి యాడుందో నోరు తెరిచి సెప్పు. సెప్పనోడు ఈ పనికి పనికిరాడు."

నేను ఊరికి పోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన పక్కనే మోశాను.

పని మానేశాక ఒకసారి నా మడమ బెణికితే, ఫిజియోథెరపీ ఆమె రెండు బకెట్లు పెట్టి, వేడిలో కాసేపు, చల్లటి దాంట్లో కాసేపు కాలు పెట్టమంది. దానికి ఇంగ్లీషు పేరు కూడా చెప్పింది. ఆ సంగతి చెప్తే ఉరుకుందన్న చాలాసేపు నవ్వాడు.

"అయితే మనం ఇన్నాళ్ళూ పేరు తెలీకుండానే చేసినామా!"

తర్వాత నెమ్మదిగా అడిగాడు. "చివర సల్లదే పెట్టమనిందా?"

ఇప్పుడు మొన్నటి సంగతి. ఇది చెప్పడానికే రాస్తున్నాను.

చెప్పకుండా ఆదోని నుంచి బస్సెక్కి వచ్చాడు. ఎడమ మూపు పట్టేసింది, కాపడం పెట్టమన్నాడు. ఆయన జీవితమంతా మోసింది కుడి మూపు మీద. నాకు ఆ మాట తట్టింది.

"ఎడమదా అన్నా?"

"ఒక పక్కే పండుకున్యా లే. మీ వదినకు సెప్తే ఆస్పత్రి అంటాది. నువ్వు పెట్టు."

ఉప్పు వేయించాను. లాభం, రెండు, మూడు... మెడ మీద చెమట కారుతోంది. మూట వేడికి అనుకున్నాను. దవడ కూడా పీకుతోందన్నాడు. పన్ను అనుకున్నాను.

రెండో విడత వేడి పెట్టి, గోనెగుడ్డ నీళ్ళలో ముంచుతున్నాను. ఆయన లేచాడు.

"సాలు లే నర్సా. బస్సు పోతాది."

చొక్కా వేసుకోవడానికి ఎడమ చెయ్యి లేవలేదు. నేనే తొడిగాను.

బస్టాండు దాకా పోయాను. పక్కనే ఆసుపత్రి. ఒక్కసారి చూపించుకుందాం రా అన్నా, అనాలి. గొంతు దాకా వచ్చింది. మేస్త్రీకి నేను చెప్పేదేముంది అనుకున్నాను.

బస్సు వచ్చింది. ఎక్కాడు.

నిన్న ఆదోనికి పోయేసరికి స్నానం చేయించడానికి నీళ్ళు కాగుతున్నాయి. నాగమ్మ వదినను పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆయన నా దగ్గరికి వచ్చింది ఆమెకు తెలియదు. యాడికో పోయొస్తానన్నాడంట.



"దవడ నొప్పని నాకూ సెప్పినాడప్పా. లవంగం ఇస్తి."

అంతే అంది. అట్లే గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వేడినీళ్ళ స్నానం అయ్యాక, ఒక చెంబు కుండనీళ్ళు అడిగాను. గోనెగుడ్డ లేదు. నా తువ్వాలే ముంచి ఎడమ మూపు మీద వేశాను. ఇరవై దాకా లెక్కపెట్టాను, పైకే. లాభం అనగానే చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు చూశారు. మూడు నాలుగుకు వచ్చేసరికి మా ముఠావాళ్ళు గొంతు కలిపారు.

అయినా నిద్ర లేదు. మొన్న బాకీపడ్డ చల్లది నిన్న పెడితే తీరేది కాదు.

మన పాత ముఠావాళ్ళకు ఒక మాట. పని చేసి కండ పట్టేస్తే కాపడం పెట్టుకోండి. ఏ బరువూ ఎత్తకుండా ఎడమ మూపు, దవడ లాగి, చెమట పడితే మాత్రం ఉప్పు వేయించకండి. ఆసుపత్రికి పోండి. పక్కన ఉన్నవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకుపోండి. మేస్త్రీ అయినా సరే.

నోరు తెరిచి చెప్పండి. నేను చెప్పలేదు.

ఉరుకుందన్నా, మోసింది చాలు. మూపు దించి చల్లగా పడుకో.