లైబ్రరీలో కుక్కర్ కూత

మా బాబాయికి కంప్యూటర్ నోరుమూసుకుని కూర్చుంటే తోచదు. అది చేసే ప్రతి పనికీ ఓ చప్పుడుండాలంటాడు. ఇలాంటి మనిషికి ఉద్యోగం దొరికింది ఏకంగా లైబ్రరీలో, అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునే పని. నేనూ అక్కడే పుస్తకాలకు నంబర్లు వేసే గదిలో ఉంటాను కాబట్టి, ఈ భాగోతమంతా చెవులారా విన్నాను.

పుస్తకం ఇచ్చినట్టు కంప్యూటర్లో ఎక్కిస్తే గ్లాసుకు చెంచా తగిలినట్టు టింగుమంటుంది. తిరిగొచ్చినట్టు ఎక్కిస్తే తలుపు గడియ పడ్డ చప్పుడొస్తుంది. తప్పు నొక్కితే కుక్కర్ కూత. అన్నీ మా పిన్ని వంటింట్లోంచి బాబాయి రికార్డు చేసుకొచ్చినవే. ఇంట్లో అసలు కుక్కర్ కూసినా, "ఏదో తప్పు జరిగింది, చూడు" అంటాడు.

"జరిగింది. మిమ్మల్ని చేసుకున్నాను" అంటుంది పిన్ని.

లైబ్రేరియన్ గారికి చప్పుడు కిట్టదు. అలాగని ఎవరినీ కోప్పడరు. గదిలోంచి ఒక్కసారి గొంతు సవరించుకుంటే చాలు, హాలంతా కుదురుకుంటుంది. ఏడాది ఓపిక పట్టి, ఓ సోమవారం పొద్దున్నే చప్పుళ్ళన్నీ తీసెయ్యమన్నారు. ఎన్నడూ ఎదురుచెప్పని బాబాయి ఆ రోజు మూడుసార్లు వెళ్ళి బతిమాలి, చివరికి తీసేశాడు. నాకు నవ్వాగలేదు.

మధ్యాహ్నానికి ఆ నవ్వు కాస్తా పోయింది. కౌంటర్లో కూర్చునే పెద్దాయన, తిరిగొచ్చిన నలభై పుస్తకాలనూ మళ్ళీ ఇచ్చినట్టు ఎక్కించేశారు. పుస్తకాలు తెచ్చిచ్చినవాళ్ళ ఫోన్లకు "మీరు పుస్తకం తీసుకున్నారు" అని మెసేజీలు వెళ్ళాయి. వాళ్ళంతా వెనక్కొచ్చి కౌంటర్ మీద పడ్డారు.

లైబ్రేరియన్ గారు బయటికొచ్చారు. బాబాయి అడ్డంపడి, చప్పుళ్ళు తీసేటప్పుడు తనే ఏదో చెడగొట్టానన్నాడు. పెద్దాయన కుర్చీలోంచి లేచారు.

"అతన్నేమీ అనకండి సార్. నాకే తెర కనబడట్లేదు. ఏడాదిగా చెవులతోనే నెట్టుకొస్తున్నాను."

ఆయన రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలుంది. చూపు సంగతి బయటపడితే ఆ రోజే ఇంటికి పంపేస్తారని ఆయన బెంగ. పొద్దున నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

లైబ్రేరియన్ గారు పెద్దాయనను కూర్చోమన్నారు. బాబాయి వైపు తిరిగారు.

"మళ్ళీ పెట్టెయ్యండి. ఆ కుక్కర్ కూత మాత్రం వద్దు. పదకొండింటికే ఆకలేస్తోంది."

మొదట్లోనే పెద్దాయన ఒక్కరి కంప్యూటర్‌కు పెడితే సరిపోయేది కదా అని సాయంత్రం బాబాయిని అడిగాను.

"ఒక్కదానికే పెడితే ఎందుకని ఆరా తీస్తారు. అన్నిటికీ పెడితే వీడికి పిచ్చి అని ఊరుకుంటారు."

"అంటే నీకు పిచ్చి లేదా?"

"కొంచెం ఉందిలే" అన్నాడు.

ఇప్పుడు తప్పు నొక్కితే కంప్యూటర్ అచ్చం లైబ్రేరియన్ గారిలా గొంతు సవరించుకుంటుంది. పెద్దాయన ఉలిక్కిపడి సరిచేసుకుంటారు. లైబ్రేరియన్ గారు మాత్రం తలుపులోంచి తొంగిచూసి, ఆ చప్పుడు చేసింది తనేనా అని కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళిపోతారు.