చక్రం మీద మూడో అంకె

శివరాత్రి ఇంకా పన్నెండు రోజులుందనగా, ఎనిమిదో తరగతిలో నేను పద్యం వివరిస్తుండగా, మా అక్క రామసుబ్బమ్మ ఫోన్ చేసింది. "మీ బావ పాయ రా" అన్నది. ఆ తర్వాత ఏడుపే గానీ మాట లేదు. కడప ఆసుపత్రిలో బావ కోలుకుంటున్నాడని డాక్టర్లు చెప్పి రెండు రోజులైనా కాలేదు. పిల్లలకు ఏం చెప్పి బయటికొచ్చానో నాకు గుర్తులేదు.

మా బావను ఓబులేసు అంటే బద్వేలులో కొందరికి తెలియకపోవచ్చు. ఇల్లుబండి ఓబులేసు అంటే తెలియనివారు అరుదు. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా నూనె మరకల మధ్య తపస్సు చేసి, పదవీ విరమణ అనంతరం తుక్కుకు పోబోయే ఒక మినీబస్సును ఇంటికి తెచ్చుకున్నాడు. సీట్లు పీకేసి, ఇద్దరికి మంచం, పొయ్యి గట్టు, నీళ్ల ట్యాంకు, దేవుళ్లకు చిన్న గూడు అమర్చాడు. పిల్లలు లేని ఆ దంపతులు ఆ బండిలో చూడని పుణ్యక్షేత్రం దక్షిణదేశంలో లేదు. నాకు స్టీరింగ్ పట్టడం నేర్పినదీ ఆ బండిలోనే. అద్దె బండ్లంటే ఆయనకు గిట్టేది కాదు. "నేను పోయినాక కూడా నన్ను అద్దెబండి ఎక్కిచ్చొద్దండప్పా. నా బండ్లోనే పుష్పగిరికి తీసకపోండి" అని నవ్వుతూనే చాలాసార్లు అన్నాడు. మేమూ నవ్వాము.

అక్కకు ఉబ్బసం. చలిగాలి పడదు. అందుకని కార్తీక పున్నమి వెళ్లిందంటే బండి ఇంటి పక్క రేకుల కింద చేరేది, మళ్లీ శివరాత్రికి మహానంది ప్రయాణంతోనే కదిలేది. ఆ మూడు నెలలు బావ దానికి చేసిన సేవ చూసి తీరాలి. ట్యాంకులో నీళ్లు చుక్క లేకుండా వంపేసి కొళాయి తెరిచే ఉంచేవాడు. పరుపులు నిలబెట్టేవాడు. గ్యాసు బండను ఇంట్లోకి దించేవాడు. సెనగ కోతలప్పుడు చేలో ఎలుకలు ఇళ్ల మీద పడతాయి గనుక ఇంజను కింద పొగాకు కాడలు పెట్టి, వారం వారం మార్చేవాడు. ఒక్కో చక్రం చుట్టూ ఒకటి నుంచి నాలుగు దాకా సుద్దతో అంకెలు వేసి, ప్రతి శనివారం బ్యాటరీ తీగ తగిలించి ఇంజను కాసేపు ఆడించి, పావు చుట్టు కదిలించేవాడు. ఒక వారం ఒకటో అంకె నేలకు ఆనితే మరుసటి వారం రెండు. ఒకే చోట బరువు మోస్తే టైరు అక్కడే చదునవుతుందట. "నిలబడిన బండికే రోగాలెక్కువ. మనిషికీ అంతేప్పా" అనేవాడు.

ఒక ఏడు మంచు ఎక్కువగా ఉందని, ఉపకారం చేస్తున్నాననుకొని బండి నిండా టార్పాలిన్ బిగించి కట్టాను. పొద్దున్నే బావ చూసి మండిపడ్డాడు. "ఏమప్పా అయివారూ! బతికుండేదానికి మొగం మీద గుడ్డ కప్పుతారా యాడన్నా? లోపల చెమ్మ పట్టి పరుపులు బూజెక్కవా?" అని తనే విప్పి, నాతోనే మడత పెట్టించాడు. పద్యాలు తప్ప పనికొచ్చే విద్య నాకు ఒక్కటీ రాదని ఆయన నిశ్చితాభిప్రాయం. అది తప్పని నేను ఎన్నడూ నిరూపించలేకపోయాను.

అంత అపురూపమైన బండిని మనిషి కోసం తెరవడానికి మాత్రం వెనుకాడలేదు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లోడుతో వచ్చిన డ్రైవరొకడు జ్వరంతో మా వీధి మలుపులో లారీ ఆపి కూలబడ్డాడు. బావ అతన్ని నడిపించుకొచ్చి, నిలబెట్టిన పరుపు పరిచి, మూడు రోజులు అందులోనే పడుకోబెట్టాడు. అక్క గంజి కాచి పోసింది. వెళ్లేటప్పుడు ఆ డ్రైవరు కాళ్లకు మొక్కబోతే, "నాకెందుకు మొక్కుతావు? నీ లారీకి ఇంజనాయిలు మార్చు, నల్లగా తారు మాదిరి ఉండాది" అని కసిరి పంపాడు.

ఇక చెప్పవలసింది చెప్పక తప్పదు. పుష్యమాసంలో గుండెనొప్పి వచ్చి ఆయన్ను కడపకు తరలించారు. అక్క వెంట వెళ్లింది. అంబులెన్సు ఎక్కుతూ బావ తాళంచెవి నా చేతిలో పెట్టి, "రెండు కింద ఉండాది. మర్చిపోవద్దు" అన్నాడు.

మొదటి శనివారం సాయంత్రం ఫోన్ చేశాడు. "బండి కదిలిచ్చినావా?"

నేను ఆ ఛాయలకే పోలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. జబ్బు మనిషిని కలవరపెట్టడమెందుకని, "ఆ, కదిలిచ్చినా బావా" అన్నాను.

"ఏ అంకె వచ్చింది కిందికి?"

"నాలుగు."

"సరేలేప్పా" అన్నాడు. తర్వాతి రెండు శనివారాలు కూడా కదిలించావా అనే అడిగాడు, అంకె మాత్రం అడగలేదు. నేనూ అదే అబద్ధం చెప్పాను, ఆయనా సరేలేప్పా అనే అన్నాడు. నాలుగో శనివారానికి ఆయన లేడు.

పుష్పగిరి ఏటిలో అస్థికలు కలిపే రోజున అక్క కుండ ఒడిలో పెట్టుకుని, "మీ బావను ఆయన బండ్లోనే తీసకపోదాం" అన్నది. తాళం తిప్పాను. ఉలుకూ పలుకూ లేదు. బానెట్ ఎత్తితే పొగాకు కాడలు ఎండి పొడైపోయి ఉన్నాయి, తీగలు ఎలుకలు కొరికి కుప్ప పెట్టాయి. చక్రం వైపు చూశాను. బావ చేతిరాత రెండు, నేలకు ఆని, కదలకుండా ఉంది. అద్దె కారు పిలిపించాం. ఆ కారులో నలభై మైళ్లు అక్క ముఖం చూడలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బతుకంతా ఎవరినీ ఏమీ అడగని మనిషి, నన్ను అడిగింది వారానికి పది నిమిషాల పని.

కర్మాంతరం అయ్యాక అక్క దగ్గర కూర్చుని నేరం ఒప్పుకున్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"మీ బావకు మొదటి దినమే తెలుసు రా. రెండు తర్వాత మూడు కదా రావల్ల, నువ్వు నాలుగన్నావు. ఫోన్ పెట్టేసి నవ్వినాడు. 'వాడు కదిలిచ్చలేదు. పనులుంటాయి పాపం. తెలిసిందని వానికి చెప్పొద్దు, శానా నొచ్చుకుంటాడు. నేనే వచ్చి చూసుకుంటాలే' అన్యాడు."

ఆ మాట విన్నప్పుడు ఏడ్చినంతగా శ్మశానంలో కూడా ఏడవలేదు. పరుల తప్పును ఎరిగి కూడా వారి మనసు నొప్పించని సౌజన్యం గ్రంథాలలో చదివి పిల్లలకు బోధిస్తూ వచ్చినవాణ్ణి. అది మా ఇంట్లోనే, నూనె మరకల చొక్కా తొడుక్కుని తిరుగుతూ ఉంటే గుర్తుపట్టలేకపోయాను. అలాంటి మనిషి మాకు మళ్లీ దొరకడు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. మైల ఇల్లు కాబట్టి మహానంది లేదు. అయినా తీగలు మార్పించాను. మొన్న శనివారం ఇంజను పది నిమిషాలు ఆడించి, పావు చుట్టు కదిలించి, దిగి వంగి చూశాను.

"మూడు వచ్చింది బావా" అన్నాను, గట్టిగానే.

సరేలేప్పా అనే గొంతు కోసం కాసేపు అక్కడే నిలబడ్డాను.